ఫోటో పోటీల జడ్జీలకు ఒక బహిరంగ లేఖ: ఆ ఫోటోలో ఉన్న మనిషికి తెలుసా?

ఫోటో పోటీలు నడిపే నిర్వాహకులకు, వాటికి జడ్జీలుగా కూర్చునే సీనియర్లకు,

నమస్కారం.

పోర్ట్రెయిట్ విభాగంలో, అంటే మనిషి ముఖమే ఫోటో అయిన విభాగంలో, ఒక ఫోటో ఫైనల్ దాకా వచ్చిందంటే మీరు రా ఫైల్, అంటే ఏ మార్పూ చేయకుండా కెమెరాలోంచి నేరుగా వచ్చిన ఫైల్, పంపమంటారు. మంచిదే. వెనకాల ఉన్న కరెంటు తీగ చెరిపేశాడా, ఆకాశం ఇంకో ఫోటోలోంచి తెచ్చి అతికించాడా అని భూతద్దం పెట్టి మరీ చూస్తారు. తేడా కనిపిస్తే పక్కన పెట్టేస్తారు, ఒక్కోసారి ఇచ్చిన బహుమతి కూడా వెనక్కి తీసుకుంటారు. ఇంత పట్టింపు ఉన్న మీరు ఆ ఫోటోలో ఉన్న మనిషి గురించి మాత్రం ఒక్క మాట అడగరు. తనని ఫోటో తీశారని ఆ మనిషికి తెలుసా? ఆ ఫోటో చూశాడా? అది మీ దగ్గరికి వచ్చిందని తెలుసా? తీగ గురించి ఉన్న పట్టింపులో పావు వంతు కూడా మనిషి గురించి ఎందుకు లేదన్నదే నా గొడవ, ఈ ఉత్తరమంతా దాని గురించే.

నేను బయట తిరుగుతూ ముక్కూమొహం తెలియనివాళ్లని ఆపి, అడిగి, వాళ్ల పోర్ట్రెయిట్లు తీస్తుంటాను. ఉద్యోగం కాదు, పిచ్చి. మీ పోటీలకి పంపుతుంటాను కూడా. గెలవలేదన్న కడుపుమంటతో రాస్తున్నానని మీలో కొందరు అనుకుంటారు, అనుకోండి, కొంచెం అది కూడా ఉందేమో. కానీ మీ ఫలితాలు వరసగా చూస్తూ వస్తే ఎవరికైనా అర్థమయ్యే సంగతి ఒకటుంది.

గెలిచే పోర్ట్రెయిట్‌కి ఒక ఫార్ములా తయారైంది. ఒక ముసలి ముఖం కావాలి, లేదా మట్టి కొట్టుకున్న పిల్లాడి ముఖం. రోడ్డుకి అవతలి పక్కనుంచి, దూరాన్ని దగ్గరగా లాగే 200 ఎంఎం లెన్స్‌తో లాగాలి. బ్లాక్ అండ్ వైట్ చేయాలి, ఎడిటింగ్ యాప్‌లో గీతల్ని పదునుగా చూపించే క్లారిటీ స్లైడర్ కుడివైపు చివరిదాకా తోసేయాలి, అప్పుడు ముడతలన్నీ చెక్కినట్టు పైకి లేస్తాయి. పేరేమో "జీవన పోరాటం" అనో "ఒంటరితనం" అనో "ఆశ" అనో. ఆ పెద్దాయన ఒంటరి అని మీకెవరు చెప్పారండీ? బస్సు లేటయి విసుక్కుంటున్నాడేమో. భార్య పక్కనే కూర్చుని ఉంటే ఫ్రేమ్‌లోంచి కోసేశారేమో. రా ఫైల్‌లో అదైనా చూశారా మరి?

ఖాళీగా ఉన్నప్పుడు మనుషుల ముఖాలు చాలావరకు దిగులుగానే కనిపిస్తాయి. పెదవుల చివర్లు కిందికి జారతాయి, చూపు ఎక్కడో ఆగిపోతుంది. అది దుఃఖం కాదు, కండరాలు విశ్రాంతి తీసుకోవడం, అంతే. కావాలంటే పనిలో పడిపోయి ఉన్నప్పుడు మిమ్మల్నే ఎవరినైనా తీయమనండి, జ్యూరీ గదిలోనే తీయమనండి, తర్వాత ఆ ఫోటోకి "ఓడిపోయిన బతుకు" అని పేరు పెట్టమనండి. ఎలా ఉంటుందో చూడండి.

ఇలా తీసినవాటికే మీరు మార్కులు వేయడం వెనక ఒక నమ్మకం ఉంది. మనిషికి తెలియకుండా తీస్తేనే నిజం బయటపడుతుంది, అడిగితే ఆ క్షణం పోతుంది, ఇక అంతా నటనే అని. ఈ మాట నేను ఎన్నో వేదికల మీద, ఎందరో పెద్దల నోట విన్నాను. కొత్తగా కెమెరా కొని క్లబ్బుల్లో చేరిన పిల్లలు కూడా వింటారు. మీ టేస్టే వాళ్లకి సిలబస్. ఏది గెలిచిందో చూసి అదే తీయడం నేర్చుకుంటారు, అంటే మనుషులకి కనపడకుండా ఉండటం నేర్చుకుంటారు, అడగడం మాత్రం ఎప్పటికీ నేర్చుకోరు. అసలు కష్టమైంది, టెన్షన్ పెట్టేది, ఈ పనిలో నిజంగా నేర్చుకోవాల్సింది ఆ అడగడమే.

అడిగితే ఏమవుతుందో ఒకటి చెబుతాను.

ఒక వంతెన రెయిలింగ్‌కి రంగు వేస్తున్న ఒకాయన. కనుబొమ్మ మీద ఆకుపచ్చ రంగు చుక్క ఒకటి సగం ఎండి ఉంది, నన్ను ఆపింది ఆ చుక్కే. ఎండ నడినెత్తిన ఉంది, ఆ టైమ్‌లో ఎవరి ముఖం తీసినా కళ్ల స్థానంలో రెండు నల్ల గుంటలు తప్ప ఏమీ రావు. మీ ఫోటో తీసుకోవచ్చా, ఆ చుక్క చాలా బాగుంది అన్నాను. ఆయన కంగారుపడి ముందు ఆ చుక్కనే చొక్కా చేతితో రుద్దేశాడు, అది పోలేదు సరికదా నుదురంతా అంటుకుంది, ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగడుగులు నడిచి స్తంభం నీడలోకి వచ్చాం. అక్కడ పైనుంచి ఎండ లేదు, కానీ ఎదురుగా ఎండ పడుతున్న తెల్లటి సిమెంటు నేల మీంచి వెలుతురు ఎగిరి ఆయన ముఖం మీద మెత్తగా పడుతోంది, రెండు కళ్లలోనూ చిన్న చిన్న తెల్లటి మెరుపులు. లైటింగ్ సామాను లేని మాలాంటివాళ్లకి ఇంతకన్నా మంచి స్టూడియో దొరకదు. 85 ఎంఎం లెన్స్, మధ్యలో రెండు మీటర్ల దూరం. ఆయన కాలర్ గుండీ పెట్టుకుని, గుర్తింపు కార్డు ఫోటోకి నిలబడినట్టు బిగుసుకుపోయి నిలబడ్డాడు. అవీ తీశాను. అలా కనపడాలని ఆయన అనుకుంటే కాదనడానికి నేనెవరిని?

తర్వాత ఊరికే అడిగాను, రంగు వేసే ముందు అంతసేపు ఎందుకు గీకుతారు అని. అంతే, మనిషి మారిపోయాడు. పాత తుప్పు మీద ఎంత మంచి రంగు పూసినా అది లోపల్నుంచి ఉబ్బి పొలుసులు పొలుసులుగా లేచిపోతుందని చెబుతూ, ఒక చోట గోటితో పొలుసు ఎత్తి చూపించి, నాకు అర్థమైందో లేదోనని తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు వచ్చిన ఫ్రేమే ఫోటో. అది క్యాండిడా (మనిషికి తెలియకుండా తీసిందా), పోజా? మీ రెండు డబ్బాల్లో ఏ డబ్బాలో వేస్తారు దాన్ని? నేను తీస్తున్నానని ఆయనకి తెలుసు, కానీ ఆ క్షణంలో ఆయన ధ్యాస తుప్పు మీద ఉంది, నా మీద ఉంది, కెమెరా మీద లేదు. ఇలాంటిది రోడ్డు అవతల నిలబడి లాగితే రాదు. ఎందుకంటే ఆ చూపు ఎదుటి మనిషి కోసం వచ్చింది, ఎదుట మనిషే లేకపోతే అదీ లేదు.

కెమెరా వెనక తిప్పి చూపించాను. ఇది పోటీకి పంపవచ్చా అంటే పంపుకో అన్నాడు, ఇంట్లోవాళ్లకి మాత్రం ఆ గుండీ పెట్టుకున్నదే పంపమన్నాడు. రెండూ పంపాను. పోటీ నుంచి మీలో ఒకరి అభిప్రాయం వచ్చింది: "కళ్లు కెమెరా వైపు ఉన్నాయి, సహజత్వం దెబ్బతింది." ఏ పోటీ, ఎవరు అన్నది వదిలేయండి. నాతో మాట్లాడుతున్న మనిషి నా వైపు చూడటంలో అసహజం ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అన్నీ ఇలా సజావుగా నడవవు, అది కూడా చెప్పాలి. వద్దంటారు. చాలామంది వద్దంటారు. కొందరు నవ్వుతూ, కొందరు చెయ్యి అడ్డం పెట్టి, కొందరు నా మాట పూర్తి కాకుండానే నడిచి వెళ్లిపోతూ. ఎందుకు వద్దన్నారని నేను అడగను, అడగకూడదు కూడా. కొట్టే మొగుణ్ణి వదిలేసి వచ్చి ఎక్కడుంటున్నదీ ఎవరికీ చెప్పని ఆడమనిషి అయి ఉండొచ్చు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి కాసేపు గాలికి కూర్చున్నవాళ్లు అయి ఉండొచ్చు. ఏ కారణమూ లేకుండా, ఇవాళ నా ముఖం నాకు నచ్చలేదు అనుకున్నవాళ్లు కూడా అయి ఉండొచ్చు, ఆ కారణం మాత్రం తక్కువదా? అద్భుతమైన వెలుతురులో అద్భుతమైన ముఖం, వద్దు అంది, కెమెరా దించేశాను. ఆ ఫోటోలు మీ ముందుకి రావు. మీ ముందుకి వచ్చేవాటిలో ఎన్నిటికి ఆ "వద్దు" అనే అవకాశం ఉండిందో మీరు అడగకపోతే ఎలా తెలుస్తుంది?

దొంగచాటుగా తీయడం మొన్నమొన్న పుట్టింది కాదు, నాకూ తెలుసు. 1916 ప్రాంతంలో పాల్ స్ట్రాండ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ న్యూయార్క్ వీధుల్లో కెమెరా పక్కకి ఒక ఉత్తుత్తి లెన్స్ బిగించి, అటు వైపు తీస్తున్నట్టు నటించి ఇటు వైపున్న మనుషుల్ని తీశాడు. మెడలో పలక వేలాడుతున్న అంధురాలి ఫోటో అప్పటిదే. ఇంకో ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు అక్కడి సబ్‌వే రైళ్లలో కోటు లోపల కెమెరా దాచి, గుండీల మధ్యలోంచి లెన్స్ తొంగి చూసేలా పెట్టి, చొక్కా చేతిలోంచి లాగిన కేబుల్‌తో షట్టర్ నొక్కుతూ ఎదుటి సీటులో వాళ్లని తీశాడు. గొప్ప ఫోటోలే, కాదని నేను అనను. కానీ వాటిని ఆయన ఎప్పుడు పుస్తకంగా వేశాడు? 1966లో. పాతికేళ్లు ఆగాడు, అప్పటికి ఆ ముఖాలన్నీ మారిపోయి ఉంటాయి. ఇవాళ తీసినవాడు ఇంటికి చేరేలోపు ఫోన్లోనే ఎడిట్ చేసి పెట్టేస్తున్నాడు, రాత్రికి మీ ఫారం నింపేస్తున్నాడు. ఎవాన్స్ పేరు చెప్పుకునేవాళ్లు ఆ పాతికేళ్ల సంగతి మాత్రం చెప్పరు.

ఇక అందరికీ తెలిసిన ఫోటో. 1936లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోత కూలీల శిబిరంలో తీసిన "మైగ్రంట్ మదర్". చెంపకి చెయ్యి ఆనించుకుని, భుజాల మీద చెరో పక్క ముఖం దాచుకున్న పిల్లలతో, దూరంగా చూస్తున్న తల్లి. ఆవిడ పేరు, కథ తాను అడగలేదని లాంగ్ 1960లో స్వయంగా రాసింది. నలభై ఏళ్లకి పైగా ప్రపంచం మొత్తం చూసిన ఆ ముఖానికి పేరు లేదు. 1978లో గానీ అది బయటపడలేదు, పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఫోటో తీసేనాటికి 32 ఏళ్లు. ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని, పేరు కూడా అడగలేదని, కాపీ పంపుతానని చెప్పి పంపలేదని, దానివల్ల తనకి పైసా రాలేదని ఆవిడ చెప్పింది. లాంగ్‌ని విలన్ చేయడం నా ఉద్దేశం కాదు. అది ప్రభుత్వ ఉద్యోగంలో తీసిన ఫోటో, అమ్ముకుని లాంగ్ కూడా సొమ్ము చేసుకోలేదు. పైగా అది పత్రికలో పడ్డాక ఆకలితో ఉన్న ఆ శిబిరానికి తిండి సరుకులు వెళ్లాయి, చాలామందికి మేలు జరిగింది. కాకపోతే అప్పటికి ఫ్లోరెన్స్ కుటుంబం అక్కడినుంచి వెళ్లిపోయింది. ఫోటో చేసిన మేలు అందరికీ అందింది, ఫోటోలో ఉన్నావిడకి తప్ప. ఒక పేరు, ఒక అడ్రస్ రాసుకుని ఉంటే?

1984లో స్టీవ్ మెక్‌కరీ పాకిస్తాన్‌లోని శరణార్థుల శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ అమ్మాయి ఫోటో కూడా అంతే. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రం అయింది. ఆ అమ్మాయి పేరు షర్బత్ గులా అని తెలిసింది 2002లో. అంతకుముందు తనని ఎవరూ ఫోటో తీయలేదని, కొత్త మనిషి తీస్తుంటే కోపం వచ్చిందని ఆవిడ అప్పుడు గుర్తు చేసుకుంది. ప్రపంచంలో ఇన్ని కోట్లమంది చూసిన తన ఫోటోని ఆవిడ మొదటిసారి చూసింది కూడా అప్పుడే. ఆ కళ్లలో ధైర్యం, భయం, యుద్ధం, ఇంకా ఏవేవో ఉన్నాయని మనం అన్నేళ్లు రాసుకున్నాం. ఉన్నది కోపం, తీస్తున్నవాడి మీదే.

సరే, అడిగేస్తే పాపం కడిగేసుకున్నట్టేనా అంటే అదీ కాదు. 1962లో డయాన్ ఆర్బస్ అనే ఫోటోగ్రాఫర్ న్యూయార్క్ పార్కులో బొమ్మ గ్రెనేడ్ పట్టుకున్న పిల్లవాణ్ణి తీసింది. వేళ్లు వంకర తిరిగి, ముఖం బిగుసుకుపోయి, చూస్తే జంకు పుట్టే ఫోటో. దాని కాంటాక్ట్ షీట్, అంటే ఆ రీలులోని ఫ్రేములన్నీ చిన్న సైజులో వరసగా వేసిన ప్రింట్, బయటికొచ్చింది, అందులో మిగతా ఫ్రేముల్లో వాడు మామూలు పిల్లాడే, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. వాడికి తెలిసే తీసింది, దాచి తీయలేదు. కానీ ఏ ఫ్రేమ్ ఎంచుకోవాలన్నది పూర్తిగా ఆవిడ చేతిలో ఉంది, ఆవిడ ఎంచుకున్నది ఆ ఒక్కటి. అందుకే తెలుసా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, చూశారా అని కూడా అడగమంటున్నాను. చూపిస్తే పిల్లాడు ఒప్పుకునేవాడా, వాళ్ల అమ్మ ఒప్పుకునేదా? ఒప్పుకోకపోతే ఒక గొప్ప ఫోటో లోకానికి దక్కేది కాదు, నిజమే. ఈ చిక్కుముడి నాకు విడలేదు. మీకు మాత్రం విడిపోయిందా, అందుకేనా అడగడం మానేశారు?

అడిగి తీస్తే అన్నీ మెతక ఫోటోలే వస్తాయి, అందరూ పళ్లికిలిస్తారు అనేవాళ్లు రిచర్డ్ ఆవెడాన్ పని చూడాలి. 1979 నుంచి 1984 వరకు అమెరికా పశ్చిమ రాష్ట్రాలు తిరిగి గని కార్మికుల్ని, పశువుల కాపర్లని, దేశదిమ్మర్లని, హోటల్లో వడ్డించేవాళ్లని మొత్తం 752 మందిని తీశాడు. నీడ పడే గోడకి తెల్ల కాగితం కట్టి, దాని ముందు నిలబెట్టి, పెట్టెంత కెమెరాతో. ఆయన కెమెరా వెనక దాక్కోలేదు, దాని పక్కన నిలబడి ఆ మనిషి కళ్లలోకి చూస్తూ తీశాడు. దాపరికం లేదు, చాటుమాటు లేదు. ఆ ఫోటోలు మెతకగా ఉన్నాయా? మరీ కఠినంగా ఉన్నాయని, ఆ ప్రాంతాన్ని అన్యాయంగా చూపించాడని తిట్టినవాళ్లు ఉన్నారు. అడగడం వల్ల ఫోటో బలం తగ్గదు. అడిగి, ఎదురుగా నిలబడి కూడా బలంగా తీయగలగడమే పనితనం. దూరం నుంచి జూమ్ లాగి ముడతలు పెంచడం పనితనం కాదు, దానికి స్లైడర్ చాలు.

చట్టం ఒప్పుకుంటుంది కదా, బహిరంగ ప్రదేశంలో ఎవరినైనా తీయొచ్చు కదా అని మీ నిబంధనల్లో ఒక లైను రాసి చేతులు దులుపుకుంటున్నారు. చట్టం అన్ని చోట్లా ఒకటి కాదు. ఫిలిప్-లోర్కా డికోర్సియా టైమ్స్ స్క్వేర్‌లో పైన ఫ్లాష్‌లైట్లు బిగించి దారిన పోయేవాళ్లకి తెలియకుండా ముఖాలు తీశాడు. అందులో ఒక పెద్దాయన ఇది నా మత విశ్వాసానికి విరుద్ధం అని కోర్టుకెళితే, 2006లో న్యూయార్క్ కోర్టు ఇది కళ, వ్యాపారం కాదు అని ఫోటోగ్రాఫర్ వైపు తీర్పిచ్చింది. అదే కెనడాలో, ఒక భవనం మెట్ల మీద ఊరికే కూర్చున్న 17 ఏళ్ల అమ్మాయి ఫోటోని అడగకుండా పత్రికలో వేస్తే, 1998లో ఆ దేశ సుప్రీంకోర్టు అమ్మాయి వైపు నిలబడింది, 2,000 డాలర్ల పరిహారం ఖాయం చేసింది. జర్మనీలో అయితే 1907 నుంచే మనిషి ముఖం ప్రచురించాలంటే ఆ మనిషి సమ్మతి ఉండాలన్న చట్టం ఉంది, దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. దాని వెనక కథ ఏంటంటే 1898లో జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు గదిలో దూరి శవాన్ని ఫోటో తీశారు, ఆ గొడవలోంచి పుట్టింది. మీ పోటీలకి ఎంట్రీలు ప్రపంచం నలుమూలల నుంచీ వస్తాయి, ఏ చట్టం సంగతి చెబుతున్నారు మీరు? అయినా కోర్టులో ఓడిపోకపోవడం ఒక సంగతి, బహుమతికి తగడం ఇంకో సంగతి. ఆకాశం మార్చడం కూడా చట్టవిరుద్ధం కాదు కదా, అయినా మీరు అనర్హుడంటున్నారు.

ఇంకొకటి, ఇది ఎవాన్స్ కాలంలో లేనిది. 2020లో క్లియర్‌వ్యూ అనే సంస్థ గురించి బయటపడినప్పుడు, ఇంటర్నెట్ నుంచి 300 కోట్లకి పైగా ఫోటోలు లాగేసి ముఖం చూపిస్తే మనిషిని పట్టుకునే వ్యవస్థ కట్టారని తెలిసింది. అలాంటివి ఇప్పుడు మరికొన్ని ఉన్నాయి, కొన్ని డబ్బు కట్టినవాళ్లందరికీ తెరిచే ఉన్నాయి. అపరిచితుడి ముఖం అపరిచితంగా మిగలడం లేదు. మీరు గెలిచిన ఫోటోని పెద్ద సైజులో, పదునుగా, తీసిన చోటు పేరుతో సహా పెడతారు. తప్పించుకుని బతుకుతున్నావిడ గురించి పైన చెప్పాను చూడండి, ఆవిడ విషయంలో దీని అర్థం ఏమిటో ఒకసారి ఆలోచించండి.

స్ట్రీట్ ఫోటోగ్రఫీని చంపేస్తున్నావు అంటారేమో. లేదు. గుంపులు, నీడలు, వీధిలో జరిగే తమాషాలు, ఊరేగింపులు, నిరసనలు, వాటిలో ఎవర్నీ అడుగుతూ కూర్చోలేం, అడగాల్సిన పనీ లేదు. అవి ఉండాలి, అవి లేకపోతే మన కాలం ఎలా ఉందో రేపటివాళ్లకి తెలియదు. దానికి వేరే విభాగం మీ దగ్గరే ఉంది. నేను మాట్లాడేది పోర్ట్రెయిట్ గురించి, ఫ్రేమ్ నిండా ఒకే మనిషి ముఖం ఉన్నప్పుడు, ఆ ముఖమే ఫోటో అయినప్పుడు. అక్కడ ఆ మనిషి వస్తువు కాదు, సగం భాగస్వామి. భాష రాకపోతే ఎలా అడగాలి అంటారా? కెమెరా కొంచెం పైకెత్తి చూపించి, కనుబొమ్మలు ఎగరేసి, ఆగండి. అది అర్థం కాని మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. తల అడ్డంగా ఊపితే అర్థం కానట్టు నటించే ఫోటోగ్రాఫర్లు మాత్రం తగిలారు.

ఆ మనిషికి తెలుసా, ఫోటో చూశాడా అని ఎంట్రీ ఫారంలో అడిగితే అబద్ధాలు రాస్తారు అంటారు. రాస్తారు, కొందరు కచ్చితంగా రాస్తారు. అయినా ఫారం నింపేటప్పుడు ఆ ప్రశ్న దగ్గర వేలు ఒక్క క్షణం ఆగుతుంది, రాసేది అబద్ధమని రాసేవాడికి తెలుస్తుంది. పైగా ఫైనల్‌కి వచ్చినవాళ్లని రా ఫైల్ ఎలాగూ అడుగుతున్నారు కదా, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు కూడా అడగండి. రెండు మీటర్ల దూరంలో నిలబడి మాట్లాడుతూ తీసిన ఫోటోల వరస, పొదల చాటునుంచి లాగిన వరస మీలాంటి అనుభవజ్ఞులు పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. దూరం ఫోటోలో దాగదు. దూరం నుంచి లాగిన ముఖంలో ముక్కు, చెవులు ఒకే పలక మీద అతికించినట్టు చదునుగా ఉంటాయి, ఇది మీకు నేను చెప్పాలా?

పిల్లల సంగతి మాత్రం మీరు బేరానికి పెట్టకూడదు. అమ్మనో నాన్ననో అడగాలి, పిల్లల్ని కూడా అడగాలి. పెద్దవాళ్లు సరేనన్నా పిల్ల వెనక్కి జరిగితే అక్కడితో ఆపేయాలి. పిల్లలకీ, అమ్మానాన్నలకీ తెలుసో లేదో ఫోటోగ్రాఫర్ చెప్పలేని పిల్లల పోర్ట్రెయిట్ ఏదైనా సరే, ఎంత బాగున్నా సరే, పక్కన పెట్టండి.

పేర్ల గురించి కూడా ఒక మాట. "పేదరికపు చిరునవ్వు" లాంటి పేర్లకి మీరు మార్కులు వేయడం ఆపితే సగం జబ్బు దానంతటదే నయమవుతుంది. పేరు పెట్టే గడి తీసేసి, ఆ మనిషి మీతో ఏం మాట్లాడారో రెండు వాక్యాలు రాయమనండి. మాట్లాడనివాడి దగ్గర రాయడానికి ఏమీ ఉండదు. మాట్లాడినవాడు తుప్పు గురించి రాస్తాడు, నడుం నొప్పి గురించి రాస్తాడు, ఆ మనిషి చెప్పిన జోకు రాస్తాడు. ఏం రాసినా "జీవన పోరాటం" కన్నా బాగుంటుంది. ఇక గెలిచిన ఫోటోకి మీరు ఎలాగూ ప్రింట్ వేయించి గోడకి పెడతారు కదా, అదే సైజులో ఇంకొకటి వేయించి ఫోటోలో ఉన్న మనిషికి పంపండి. ఫోటోగ్రాఫర్ దగ్గర అడ్రస్ లేకపోతే, ఆ సంగతి బహుమతి ప్రకటించే ముందే మీకు తెలియాలి కదా.

మీకు శ్రమ ఉండకూడదని ఫారంలో పెట్టాల్సినవి నేనే రాసి పంపుతున్నాను, మాటలు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి:

"ఈ ఫోటోలో ఉన్న వ్యక్తికి తనని ఫోటో తీస్తున్నట్టు తెలుసా? ఈ ఫ్రేమ్‌ని ఆ వ్యక్తి చూశారా? పోటీకి పంపుతున్నట్టు చెప్పారా, ఏమన్నారు? ఆ వ్యక్తికి కాపీ అందిందా? ఏదైనా కాదు అయితే, ఎందుకు కాదో రాయండి."

ఆ చివరి వాక్యం తీసేయకండి. కొన్నిసార్లు నిజంగానే కుదరదు, బస్సు కదిలిపోతుంది, మనిషి జనంలో కలిసిపోతాడు, ఫోన్ నంబర్ తప్పు రాసుకుంటాం. అది రాస్తే చాలు, చదివి నిర్ణయించాల్సింది మీరు. సంతకాలు, నోటరీలు, మోడల్ రిలీజ్ పత్రాలు (ఫోటో వాడుకోవచ్చని ఆ మనిషి రాసిచ్చే ఒప్పుకోలు కాగితాలు) నేను అడగడం లేదు. రోడ్డు మీద కనపడిన మనిషి ముందు కాగితం, పెన్ను పెడితే ఎవరైనా భయపడతారు.

ఈ గడుల్ని ఫారం పైభాగంలో, లెన్స్, అపెర్చర్, షట్టర్ స్పీడ్ అడిగే గడుల కన్నా ముందు పెట్టండి. కింద నిబంధనల్లో కలిపేస్తే ఎవరూ చదవరు, నేను కూడా చదవను.

ఇట్లు,
మీ పోటీలకి ఫోటోలు పంపే ఒక ఫోటోగ్రాఫర్